గణిత తపస్వి ఆయిలర్

2, 3, 5, 7, 11 వంటి సంఖ్యలను 1, అదే సంఖ్య తప్ప మరే సంఖ్యా నిశ్శేషంగా భాగించదు. వీటిని ప్రధాన సంఖ్యలు అంటారు. చిన్న సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో చెప్పడం తేలికే. పది అంకెల సంఖ్యను తేల్చడం మాత్రం చాలా కష్టం. కంప్యూటర్లు లేని కాలంలో, అదీ చూపు పోయిన తరువాత, అటువంటి పనిని సాధించినవాడు లియొనార్డ్ ఆయిలర్.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కుమారుడు కూడా తన మార్గంలోనే నడవాలని ఆయన కోరిక. కాని ఆ బాలుని ప్రతిభను గుర్తించిన గణితవేత్త యోహాన్ బెర్నూలీ తండ్రికి నచ్చజెప్పాడు. 1727లో ఆయిలర్ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన అకాడమీలో చేరాడు.

2ను 32 సార్లు వేసి గుణించి 1 కలిపితే 4,29,49,67,297 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య అని ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా భావించాడు. పెద్దలు చెప్పారు కదా అని ఆయిలర్ ఊరుకోలేదు. దానిని 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో చూపాడు.

కొన్నేళ్ళకు ఆయన కుడికన్ను చూపు పోయింది. 1741 నుండి 1766 వరకు బెర్లిన్‌లో పనిచేసి, మళ్ళీ సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. అక్కడ ఎడమకంటికి శుక్లం కమ్మి, దాదాపు అంధుడయ్యాడు. 1771లో ఇల్లు కాలిపోయింది. అయినా పని ఆగలేదు. ఆయన మనసులో లెక్కవేసి చెబుతుంటే కుమారుడు, శిష్యులు రాసేవారు.

2ను 31 సార్లు వేసి గుణించి 1 తీసివేస్తే 2,14,74,83,647 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి పేర్కొన్నాడు, నిరూపించలేదు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాకపోతే, దాని వర్గమూలాన్ని మించని ప్రధాన కారణాంకం దానికి తప్పక ఉంటుంది. ఈ సంఖ్య వర్గమూలం 46,340కి పైన ఉంటుంది. అంతవరకు నాలుగు వేలకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నింటితో భాగించి చూడడం ఎవరి తరం? ఆయిలర్ ముందుగా ఆలోచించాడు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఉంటే, దానిని 248తో భాగించినప్పుడు శేషం 1 గాని 63 గాని రావాలని కనుగొన్నాడు. దానితో పరీక్షించవలసినవి వందలోపుకు తగ్గాయి. వాటిలో ఏదీ భాగించలేదు. అది ప్రధాన సంఖ్య అని 1772లో ప్రకటించాడు. డెబ్బయి ఏళ్ళకు పైగా అంతకన్న పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియలేదు.

6కు తనకంటే చిన్నవైన భాజకాలు 1, 2, 3. వాటి మొత్తం మళ్ళీ 6. ఇటువంటివి పరిపూర్ణ సంఖ్యలు. ఆయిలర్ తేల్చిన ప్రధాన సంఖ్యను, 2ను 30 సార్లు వేసి గుణించగా వచ్చిన లబ్ధంతో గుణిస్తే మరొక పరిపూర్ణ సంఖ్య లభిస్తుంది.

1783 సెప్టెంబరు 18న ఆయిలర్ కన్నుమూశాడు. ఆనాడు కూడా, రెండేళ్ళ క్రితం కనుగొన్న యురేనస్ గ్రహం కక్ష్యను గురించి ఆయన చర్చించాడు. ఒకరి ఊహను తప్పని, మరొకరి ఊహను నిజమని నిరూపించి, ఎంతటివారి మాటనైనా పరీక్షించాకే అంగీకరించాలని ఆయన చాటాడు.