మాత్ర వెనుక మనిషి: డా. యల్లాప్రగడ సుబ్బారావు

మేము హైస్కూల్లో ఉన్నప్పుడు మన హాస్టల్లో వారానికోసారి ఐరన్ మాత్ర ఇచ్చేవారు. మాలో చాలామందిమి మింగినట్టు నటించి కిటికీలోంచి విసిరేసేవాళ్ళం. ఒక ఉదయం ప్రార్థనలో మా జూనియర్ ఒకడు కళ్ళు తిరిగి పడిపోయాడు. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందన్నారు డాక్టరుగారు. ఆ మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుందని, దానివెనుక ఒక తెలుగువాడి జీవితం ఉందని డిగ్రీకి వచ్చాకే మాకు తెలిసింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇంట్లో ఇబ్బందులు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసు కాలేదు. తల్లి వెంకమ్మ పట్టుదలే ఆయన్ని చదివించింది. ఇద్దరు సోదరులు సంగ్రహణి వ్యాధితో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బు అది. ఆయనకూ సోకింది కానీ ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు.

మద్రాసులో వైద్యం చదివి, మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతోను అమెరికా చేరారు. బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని. స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసే మనకు ఆ రోజులు ఎలాంటివో ఎవరూ చెప్పనక్కరలేదు. 1930లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. పొందారు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న సంగ్రహణికి అదే మందయింది. బోదకాలు వ్యాధికి వాడే డీఈసీ మందు, పిల్లల రక్త క్యాన్సర్‌పై తొలిసారి పనిచేసిన మందులు కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. వెళ్ళినవారు మళ్ళీ స్వదేశం చూడలేదు.

మిత్రులారా! కడుపు నిండినంత మాత్రాన ఒంటికి బలం రాదు. కొత్త రక్తకణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అది తోటకూర, పాలకూర, పెసలు, శనగలు, వేరుశనగల్లో ఉంటుంది. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే చాలావరకు పోతుంది. ఆడపిల్లలకు, గర్భిణులకు దీని అవసరం మరీ ఎక్కువ. గర్భం తొలి వారాల్లో ఇది చాలకపోతే బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడకపోవచ్చు.

మన ఇళ్ళలో అమ్మలు అందరికీ వడ్డించి, అడుగున మిగిలింది తిని, నీరసాన్ని ఎండదెబ్బ అనుకుంటారు. సెలవులకు వెళ్ళినప్పుడు వాళ్ళను ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయిద్దాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మేము కిటికీలోంచి విసిరేసిన మాత్రలను మీరు విసిరేయకండి. అన్నం తిన్నాక మింగండి. భీమవరం పిల్లవాడు మనకిచ్చిన ఆస్తి అది.