మన సుబ్బారావు గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో 28 ఏళ్లు పనిచేసిన నాకు వేరే పేరు తట్టలేదు. ఫాస్పరస్ పరీక్ష చేస్తే ద్రావణం నీలంగా మారేది. దాన్ని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనేవాళ్లం. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారని చాలాకాలం నాకు తెలియదు. సిగ్గుపడవలసిన మాటే.

ఆయన జననం 1895 జనవరి 12. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఎం.బి.బి.ఎస్. ఇవ్వక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధి సొంత అన్నదమ్ములనే పొట్టన పెట్టుకుంది. 1922లో అమెరికా చేరి, హార్వర్డులో ఫిస్క్‌తో పనిచేశారు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు.

అక్కడ ఆయన బృందం పట్టుకున్నది ఫోలిక్ ఆమ్లం. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేశారు, మరుసటి ఏడు నిర్మాణం వివరంగా ప్రకటించారు. ఆ అణువు తోకలో ఉన్నది గ్లుటామిక్ ఆమ్లం, అంటే మాంసకృత్తుల్లో ఉండే అమినో ఆమ్లమే. కాలేయం నుంచి తీసినదానిలో అది ఒక్కటే ఉంది. సూక్ష్మజీవులను పులియబెట్టి తీసినదానిలో మూడు, గొలుసుగా. ఆ లంకెలు కూడా మాంసకృత్తుల్లో పడే చోట కాక, పక్క కొమ్మ మీద పడ్డాయి. ల్యాబులో పనిచేసినవారికే తెలుస్తుంది, ఇంత తేడా పట్టడానికి ఎన్ని రాత్రులు పోతాయో!

బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఆ ఫోలిక్ మందులిస్తే జబ్బు ఇంకా ఎగబాకినట్టు తోచింది. అయితే దాన్ని అడ్డుకునే మందు కావాలన్న మాట. ఫోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ తీసి అమినో పెడితే అమినోప్టెరిన్. సుబ్బారావు గారి బృందం అది పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావు గారు న్యూయార్కులో నిద్రలోనే పోయారు.

మా ఇంటావిడ కీళ్లవాతానికి డాక్టరు వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ వ్రాశారు. అది అమినోప్టెరిన్‌కు తమ్ముడు. మర్నాడు ఫోలిక్ ఆమ్లం బిళ్ల. రెండు సీసాలూ పక్కపక్కనే ఉంటాయి. ఏ రోజు ఏది వేయాలో నేనే చూసి ఇస్తాను.