అరవైలో వలస, నూటరెండులో కీర్తికిరీటం

సెప్టెంబర్ 10 కల్యంపూడి రాధాకృష్ణారావు గారి జయంతి. లోకానికి ఆయన సి.ఆర్.రావు. 1920లో పుట్టి, 2023 ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు. అప్పటికి నూటమూడేళ్లు నిండడానికి మూడు వారాలైనా లేవు. అంత నిండుగా బతికిన మనిషిని తలుచుకునే రోజు మనకు పండుగే.

నాటి బళ్లారి జిల్లా హడగలిలో, తెలుగింట ఎనిమిదో సంతానంగా పుట్టారు. అష్టమగర్భం కనుక కృష్ణుడి పేరే పెట్టుకున్నారు. నాన్నగారిది పోలీసు శాఖలో ఉద్యోగం. బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడులన్నీ తిరిగారు. తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టింది అమ్మ లక్ష్మీకాంతమ్మ. పెద్దవాడై గణాంకశాస్త్రం మీద రాసిన పుస్తకాన్ని ఆమెకే అంకితమిచ్చి, ఆ దీపాన్ని అందులో గుర్తుచేసుకున్నారు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు. 1941లో గణాంకవేత్త మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కొన్నేళ్లకు పాఠం చెబుతుండగా, తర్వాత ఆర్థికవేత్తగా పేరొందిన దండేకర్ విద్యార్థిగా ఒక ప్రశ్న అడిగారు. రాత్రంతా కూర్చుని మర్నాటికి జవాబు తెచ్చారు రావు గారు. 1945లో అచ్చయిన ఆ పనే క్రామర్-రావు అవధికి మూలం. చేతిలో ఉన్న సమాచారంతో వేసే నిష్పాక్షికమైన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, ఆ హద్దును అది చెబుతుంది. ఉన్న అంచనాను మెరుగుపరిచే రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతానికీ ఆ వ్యాసమే పునాది. అప్పటికాయనకు పాతికేళ్లు!

అదే సంస్థలో దాదాపు నలభయ్యేళ్లు పనిచేశారు. ఆయన దగ్గర పరిశోధన చేసిన ఎస్.ఆర్.ఎస్.వరధన్‌కు 2007లో గణితానికిచ్చే ఆబెల్ బహుమతి వచ్చింది.

అరవయ్యో పడికి చేరువలో, తోటివారు మనవల్ని ఆడిస్తూ విశ్రాంతి తీసుకునే వేళ, ఆయన అమెరికా ప్రయాణం కట్టారు. ముందు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం, 1988 నుంచి పెన్ స్టేట్. కొత్త దేశంలో మళ్లీ తరగతి గదిలో నిలబడ్డారు, కొత్త శిష్యుల్ని తయారుచేశారు. 1995లో అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. 2001లో పుట్టిన దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది, 2002లో మెట్టిన దేశం జాతీయ విజ్ఞాన పతకంతో గౌరవించింది. రెండు దేశాలూ మావాడంటే మావాడని చెప్పుకున్న భాగ్యం ఎందరికి దక్కుతుంది?

ఆయన పక్కా సంసారి. 1948లో పెళ్లాడిన భార్గవి గారితో దాదాపు డెబ్భయ్యేళ్ల దాంపత్యం. 2017లో ఆమె ముందే వెళ్లిపోయారు. రావు గారికి కూచిపూడి అంటే ప్రాణం. ఆ ముచ్చట కూతురి నాట్యంలో తీరింది. చివరి ఏళ్లు బఫెలోలో కూతురి చెంత, పిల్లల మధ్య, పరిశోధన వదలకుండా గడిపారు. నూటరెండేళ్ల వయసులో, 2023లో, గణాంకశాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి ఆయన్ని వరించింది. పాతికేళ్ల వయసులో చేసిన పనికి పట్టిన ఆ హారతిని కళ్లారా చూసుకుని వెళ్లారు.

ఇవాళ పిల్లల కోసం సముద్రాలు దాటి వెళ్లిన తెలుగు పెద్దలు అమెరికా ఊరూరా ఉన్నారు. అక్కడ తమ పనేమీ లేదనుకుని దిగులుపడేవారు రావు గారి జీవితాన్ని ఒకసారి చూడాలి. వయసు మీదపడిందని ఆయన నేర్చుకోవడం మానలేదు, నేర్పడం మానలేదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరుతో గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ నడుస్తోంది. మన పిల్లల్ని ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్దాం. ఏటా సెప్టెంబర్ 10న ప్రతి తెలుగు బడిలో, ఇక్కడైనా అమెరికాలోనైనా, గణితం మాస్టారు ఆయన గురించి ఓ పావుగంట చెబితే, ఈ పెద్దాయనకు అంతకు మించిన జయంతి కానుక ఉండదు.