సముద్రాన్ని ఇంటికి తెచ్చిన బోధకుడు

ఆసుపత్రి వరండాలో, హోటల్ ముందుగదిలో, పిల్లలున్న ఇళ్లలో రంగురంగుల చేపలు తిరిగే గాజు తొట్టి ఇవాళ అందరికీ పరిచయమే. దానికి అక్వేరియం అన్న పేరును లోకమంతటా వాడుకలోకి తెచ్చినవాడు, సముద్రపు నీటితో అలాంటి తొట్టిని ఇంట్లోనే ఎలా కట్టుకోవాలో పుస్తకం రాసి నేర్పినవాడు ఒక దైవసేవకుడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆయన పేరు ఫిలిప్ హెన్రీ గాస్. వారమంతా సూక్ష్మదర్శిని ముందు కూర్చునే ఆయనే ఆదివారం సంఘం ముందు నిలబడి బైబిలు తెరిచేవాడు.

గాస్ 1810 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని వూస్టర్‌లో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరుగుతూ చిన్న చిత్తరువులు గీసి పొట్టపోసుకునే చిత్రకారుడు. పేదరికం వల్ల చదువు సరిగా సాగలేదు. పదిహేడో ఏట, 1827లో, కొలువు కోసం అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక వర్తక సంస్థలో గుమాస్తాగా చేరాడు. 1832 ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంవత్సరం. చెల్లెలి జబ్బు కబురు విని కలతచెంది, దేవుని పాదాల దగ్గర మోకరించి తనను తాను అప్పగించుకున్నాడు. అదే ఏడాది సూక్ష్మదర్శిని గురించిన పాత పుస్తకమొకటి కొని పురుగుల పరిశీలన మొదలుపెట్టాడు. విశ్వాసమూ ప్రకృతి శాస్త్రమూ ఆయన ఇంటికి ఒకే ఏడాది వచ్చిన అతిథులు. చివరిదాకా రెండింటినీ ఆయన బయటికి పంపలేదు.

ఆ తర్వాత కెనడాలో సేద్యం చేసి నష్టపోయాడు. అమెరికాలోని అలబామాలో బడిపంతులుగా పనిచేస్తూ బానిసలు పడే యాతన కళ్లారా చూసి, అక్కడ ఉండలేక 1839లో స్వదేశం చేరాడు. లండన్‌లో బ్రదరెన్ సహవాసంలో చేరాడు. జమైకా వెళ్లి అక్కడి పక్షుల మీద పుస్తకం రాశాడు. 1848లో సువార్త కరపత్రాల రచయిత్రి ఎమిలీ బౌస్‌ను పెళ్లాడాడు. మరుసటి ఏడాది వారికి ఎడ్మండ్ అనే ఒక్కగానొక్క కుమారుడు పుట్టాడు. ఎడతెగని రాతపనితో గాస్ ఆరోగ్యం దెబ్బతినడంతో 1852లో కుటుంబమంతా డెవాన్ సముద్రతీరానికి తరలింది. ఆ తీరంలోని ఇల్‌ఫ్రాకూంబ్‌లోనే ఆయన అక్వేరియం ప్రయోగాలు ఊపందుకున్నాయి. గోదావరి డెల్టాలో సువార్త ప్రకటించడానికి 1836లో బయలుదేరి వచ్చిన బ్రదరెన్ మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్‌ల సొంత ఊరు బార్న్‌స్టేపుల్ అక్కడికి దగ్గరే. మన నరసాపురం ప్రాంతపు సంఘాల చరిత్రకూ ఆ తీరానికీ అలా ఒక బంధముంది.

సముద్రజీవుల్ని ఇంట్లో బతికించడం అప్పట్లో చిన్న పని కాదు. నీళ్లు మార్చకపోతే ఒకట్రెండు రోజుల్లోనే కుళ్లి జీవులన్నీ చచ్చిపోయేవి. 1846లో ఆనా థిన్ అనే పాస్టరుగారి భార్య టార్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని లండన్ తీసుకెళ్లి పెంచింది. ఆ నీటికి గాలి తగలడానికి ఇంటి పనిమనిషి తెరచిన కిటికీ దగ్గర నిలబడి, రోజూ అరగంటకు పైగా ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి నీళ్లు పోయాల్సి వచ్చేది. నీటి మొక్కలు విడిచే ప్రాణవాయువు చేపల్ని బతికిస్తుందని, నత్తలు కుళ్లును తిని శుభ్రం చేస్తాయని రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లో మంచినీటి తొట్టితో నిరూపించాడు. అదే సూత్రం ఉప్పునీటిలోనూ పనిచేస్తుందని వారింగ్టన్, గాస్ వేర్వేరుగా తేల్చారు.

గాస్ పద్ధతి చూస్తే ఆయన ఓపిక అర్థమవుతుంది. తొట్టికి అడుగున పలకరాయి, పక్కల గాజు. కొత్త తొట్టిలోని అతుకుల మందు విషమవుతుంది కాబట్టి ముందు నీళ్లుపోసి బాగా నాననివ్వాలి. తర్వాత గులకరాళ్లు, వాటిని అంటిపెట్టుకున్న సముద్రపు నాచు. ఆకుపచ్చ నాచు నిలుస్తుంది, గోధుమరంగుది జిగురు వదిలి నీటిని పాడుచేస్తుంది. ఎండ ఎక్కువైతే గాజు మీద పాకుడు పడుతుంది, దాన్ని గీకి తినడానికి చిన్న నత్తలు ఉండాలి. జీవుల్ని వదలడం అన్నిటికన్నా చివర. సముద్రానికి దూరంగా ఉన్నవారి కోసం 1854లో ఆయన ఉప్పునీటి తయారీ కూడా చెప్పాడు. మన కొలతల్లో అది నాలుగున్నర లీటర్లకు కాస్త తక్కువ నీటికి సుమారు 100 గ్రాముల మామూలు ఉప్పు, 7 గ్రాముల ఎప్సం సాల్ట్, 13 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్, రెండున్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్. వడగట్టిన ఆ నీటిలో ముందు నాచు వేసి, వారం రోజులు పోయాకే జీవుల్ని వదలాలన్నాడు.

ఇప్పుడు చేత్తో నీళ్లు తిరగబోసే పనిలేదు. మోటారు, హీటరు, లైటు కరెంటుతో నడుస్తాయి. అయితే ఉప్పునీటి పక్కన కరెంటు ప్రమాదకరం. అందుకే వైరును ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగేలా వేలాడదీస్తారు. వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కరెంటు లీకైన క్షణంలో సరఫరా ఆపేసే బ్రేకరు కూడా తప్పనిసరి. గాస్ తొట్టెలు కట్టిన తొలి రోజుల్లో ఎవరికీ తెలియని రహస్యం మరొకటుంది. జీవుల వ్యర్థాల్లోంచి పుట్టే అమ్మోనియా విషాన్ని కంటికి కనబడని బ్యాక్టీరియా విరుగుడు చేస్తుందని శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890లో వివరించాడు. అప్పటికి గాస్ చనిపోయి రెండేళ్లయింది. ఇవాళ కొత్త తొట్టి పెట్టినవారు ఆ బ్యాక్టీరియా పెరిగేదాకా వారాల తరబడి ఎదురుచూస్తారు. తనకు తెలియని సహాయకులు తన తొట్టిలో పనిచేస్తున్నారని ఆయన ఎరగడు. మన ఇళ్లూ, సంఘాలూ కూడా ఇలా కంటపడని పరిచర్య మీదే నిలబడతాయి.

1853 మేలో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల శాల తెరిచారు. డెవాన్‌లో గాస్ సేకరించిన జీవులు కూడా అందులో చేరాయి. మరుసటి ఏడాది వచ్చిన ఆయన పుస్తకం 'ది అక్వేరియం' దేశాన్ని ఊపేసింది. ఇంటింటా తొట్టెలు వెలిశాయి. 1856లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది.

ఆ కీర్తి వెంటే శ్రమలొచ్చాయి. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది. అదే ఏడాది గాస్ 'ఓంఫలోస్' అనే పుస్తకం ప్రచురించాడు. ఆదాము బొడ్డుతో సృజించబడినట్టే భూమి కూడా వయసు మీరిన గుర్తులతో సృజించబడిందని, రాళ్లలోని శిలాజాలు అలాంటి గుర్తులేనని వాదించాడు. బైబిలునూ భూగర్భ శాస్త్రాన్నీ ఒక్కటి చేద్దామన్నది ఆయన ఆశ. రెండు పక్షాలూ కాదన్నాయి. జరగని చరిత్రను దేవుడు రాళ్లమీద రాశాడని నమ్మడం తనవల్ల కాదని మిత్రుడు, పాస్టరు కూడా అయిన చార్లెస్ కింగ్స్‌లీ ఉత్తరం రాశాడు. భార్యనూ ప్రతిష్ఠనూ ఒకే ఏడాది పోగొట్టుకున్న గాస్ దేవుణ్ని మాత్రం విడవలేదు. టార్కీ దగ్గరి సెయింట్ మేరీచర్చ్‌లో స్థిరపడి, అక్కడి చిన్న సంఘానికి దాదాపు 30 ఏళ్లు పరిచర్య చేశాడు. 1860లో ఎలైజా బ్రైట్‌వెన్‌ను పెళ్లాడాడు. సీ అనిమోన్ల మీద ఆయన రాసిన గొప్ప గ్రంథం పూర్తయిందీ ఆ ఏడాదే.

కుమారుడు ఎడ్మండ్ పదేళ్లకే బాప్తిస్మం పొందాడు, పెద్దయ్యాక తండ్రి విశ్వాసానికి దూరమయ్యాడు. 1907లో 'ఫాదర్ అండ్ సన్' రాసి తండ్రిని కఠినుడిగా చూపించాడు. ఆ చిత్రణలో అతిశయోక్తి ఉందని, తండ్రి ఎంతో ప్రేమగలవాడని ఆన్ త్వైట్ 2002లో రాసిన జీవితచరిత్ర చెబుతుంది. ఎవరి మాట ఎంత నిజమైనా తల్లిదండ్రులు గ్రహించాల్సింది ఒకటుంది. గాజు తొట్టిలో నీటినీ వెలుగునూ మనం కొలిచి పెట్టగలం. బిడ్డ హృదయాన్ని అలా కొలిచి పెట్టలేం. ప్రేమించి, ప్రార్థించి, దేవుని చేతికి అప్పగించాలి.

గాస్‌ను చివరి ఏళ్లలో బాధించిన విషయం మరొకటి ఉందని ఆ కుమారుడే రాశాడు. ఆయన పుస్తకాలు చదివినవారు బుట్టలు, ఉలులు పట్టుకుని తీరానికి ఎగబడ్డారు. రాతిగుంటల్లో యుగాలుగా నెమ్మదిగా బతికిన జీవుల్ని పెకలించి తీసుకుపోయారు. వాటిలో ఎక్కువ భాగం తొట్టెల్లో చచ్చిపోయేవి. కొన్నేళ్లలోనే ఆ తీరం వెలవెలబోయింది. దేవుని మహిమను చూపాలని తాను తెరిచిన తలుపులోంచే దోపిడీ సాగిందని గాస్ కుమిలిపోయాడు. సముద్రంలోని లెక్కలేనన్ని జీవులు ఆహారం కోసం దేవునివైపే చూస్తున్నాయని 104వ కీర్తన చెబుతుంది. తోటను సేద్యపరచడంతో పాటు కాచే పని కూడా దేవుడు ఆదాముకు అప్పగించాడని ఆదికాండం రెండో అధ్యాయం చెబుతుంది. ఆశ్చర్యపడి చూసేవారు ఆయన పిలుపుతో వేలమంది వచ్చారు, కాచేవారు మాత్రం కరువయ్యారు.

1888 ఆగస్టు 23న ఫిలిప్ గాస్ ప్రభువు సన్నిధికి చేరాడు. ప్రభువు రాకడను కళ్లారా చూస్తానని జీవితాంతం ఎదురుచూసిన ఆయన టార్కీలో సమాధి చేయబడ్డాడు. అక్వేరియం ముందు నిలబడ్డప్పుడు మన పిల్లలకు చేపల పేర్లతో పాటు ఈ మాట కూడా చెబుదాం. సృష్టి దేవునిది, దాన్ని ఆనందంగా చూసే హక్కు మనకిచ్చాడు, కాపాడి తిరిగి లెక్క అప్పగించే బాధ్యత కూడా మన మీదే పెట్టాడు.