కార్మికబాంధవులు వరాహగిరి వేంకటగిరి గారు

శంకరంపేటలోని మన సోదరులకును, ఈ సంచికను ఆదరించు పోషకులకును ఒక మహనీయుని చరిత్రమును సమర్పింపవలెనని మేము తలచితిమి. మన కుటుంబములలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు, బ్యాంకు ఉద్యోగులు పెక్కుమంది కలరు. జీతమెంత, కరవుభత్యమెంత, ఏటికెన్ని దినముల సెలవు అను ప్రశ్నలు మన యిండ్లలో నిత్యము వినవచ్చునవే. ఈ ప్రశ్నలకు న్యాయమైన పరిష్కారము దొరకవలెనని జీవితమంతయు పాటుపడి, అందుకై ఒకప్పుడు కేంద్రమంత్రి పదవిని సైతము త్యజించిన తెలుగువారు వరాహగిరి వేంకటగిరి గారు. వారు రాష్ట్రపతి యైన సంగతిని ఎల్లరు నెఱుగుదురు. పదవిని విడిచిన సంగతి నెఱిగినవారు కొందఱే. కావున ఆ విషయమునే యిచ్చట ముఖ్యముగా వివరింపుచున్నారము.

గిరిగారు 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీని బరంపురమున జన్మించిరి. ఆ పట్టణము నాడు మదరాసు రాజధానిలో గంజాము జిల్లాకు చేరియుండెను. పిమ్మట ఒడిశాలో చేరినది. తండ్రి జోగయ్యపంతులు గారు పేరుగన్న న్యాయవాది, కాంగ్రెసు పక్షమువారు. తల్లి సుభద్రమ్మగారు. 1913లో గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండు దేశమునందలి డబ్లిన్ నగరమున కేగిరి. ఆంగ్లేయుల యేలుబడిని తొలగించుకొనుటకు ఐరిష్ ప్రజలు చేయుచున్న యత్నము ఆ యువకుని హృదయమును మిక్కిలి యాకర్షించెను. 1916లో అచ్చట తిరుగుబాటు జరిగిన పిమ్మట వారు ఆ దేశమును విడిచి రావలసిన వారైరి. స్వదేశమునకు వచ్చి న్యాయవాదవృత్తి నవలంబించిరి గాని, దేశసేవయు కార్మికసేవయు వారిని కోర్టులో నిలువనీయవయ్యెను.

నాడు హౌరానుండి నాగపురమువఱకును, ఇటు వాల్తేరువఱకును సాగిన బెంగాలు నాగపూరు రైల్వేలో తెలుగువారు విశేషముగా పనిచేయుచుండిరి. ఖరగపూరు కార్ఖానాలో తెలుగుమాట వినబడని చోటు లేకుండెను. ఆ రైలుమార్గము ప్రభుత్వముయొక్క ఆస్తియే గాని, దానిని నడపు అధికారము లండనులో స్థాపితమైన కంపెనీ చేతిలో నుండెను. జీతము పెంపుమని కంపెనీ నడిగినచో ప్రభుత్వమును చూపును. ప్రభుత్వము నడిగినచో కంపెనీని చూపును. దినకూలిపై బ్రతుకువానికి సెలవనగా కూలి లేని దినమే. మన మీర్జాపల్లి స్టేషనువద్ద ఎండయనక వానయనక పట్టాలు చూచుచు నడచు గ్యాంగుమనుల నెఱిగిన మనకు, ఆ నాటి రైలు కార్మికుని దైన్యము ఎట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

గిరిగారు ఆ కార్మికులను సంఘముగా కూర్చిరి. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషనును నిర్మించినవారిలో ఒకరై, పలువత్సరములు దాని భారమును వహించిరి. 1927లో ఖరగపూరు కార్ఖానాలో పనివారిని తొలగింప నెంచినపుడు లేచిన సమ్మెలో కార్మికులపక్షమున నిలిచిరి. 1926లోను, మరల 1942లోను అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1927లో జెనీవా నగరమున జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభలో భారతకార్మికుల ప్రతినిధిగా కూర్చుండిరి. ఏడాది పనిచేసిన కార్మికునకు జీతముతో కూడిన సెలవు కనీసము 6 పనిదినములైన నీయవలెనని ఆ మహాసభ 1936లో నిర్ణయించెను. నేడు మనవారు సహజమని తలచు ఏటిసెలవు, లోకమున నెందఱో పోరాడి సాధించిన హక్కని దీనివలన తెలియుచున్నది.

1937 నాటి ఎన్నికలలో గిరిగారు బొబ్బిలిలో బొబ్బిలి రాజావారినే యోడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మికశాఖను నిర్వహించిరి. స్వాతంత్ర్యానంతరము సింహళమున మనదేశపు హైకమిషనరుగా నుండి, 1952లో లోకసభ కెన్నికై, నెహ్రూగారి మంత్రివర్గమున కార్మికమంత్రి యైరి.

ఆ కాలమున బ్యాంకు ఉద్యోగుల వివాదము దేశమంతట రగులుచుండెను. జీతములు, కరవుభత్యము, పనిగంటలు, సెలవులు మున్నగునవన్నియు అందు చేరియుండెను. 1950లో సేన్ గారి ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును 1951లో సుప్రీముకోర్టు ట్రిబ్యునలు కూర్పునందలి లోపముచేత కొట్టివేసెను. ఉద్యోగులు మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చెను. పిదప శాస్త్రిగారి ట్రిబ్యునలు 1953లో తీర్పు చెప్పెను. దానిపై అప్పీళ్లు నడచి, 1954 ఏప్రిలులో అప్పీలు ట్రిబ్యునలు తన నిర్ణయమును ప్రకటించెను. ఇన్ని యేండ్లు ఓర్చిన గుమాస్తాకు ఇక నైన ఊరట కలుగునని ఎల్లరు తలచిరి. కాని 1954 ఆగస్టు 24వ తేదీని ప్రభుత్వము ఆ నిర్ణయమును ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించెను.

ప్రభుత్వపు వాదమును మేము మఱుగుపఱుపము. జీతముల భారము హెచ్చినచో చిన్న బ్యాంకులు కుంగుననియు, చిన్న యూళ్లలోని శాఖలు మూతపడుననియు వారు భయపడిరి. శంకరంపేటవంటి యూరివారికి ఈ భయము తేలికగా త్రోసివేయదగినది కాదు. బ్యాంకు దూరమైనచో రైతు మరల వడ్డీవ్యాపారి గడప నెక్కవలసినదే గదా! అయినను మఱియొక ధర్మము కలదు. సమ్మె మానుము, తీర్పరియొద్దకు రమ్ము అని ఉద్యోగిని ఒప్పించినది ప్రభుత్వమే. తీర్పు ఉద్యోగికి ప్రతికూలమైనచో వాడు శిరసావహింపవలెను. అనుకూలమైనచో ప్రభుత్వము మార్చుకొనునెడల, ఇక మీదట తీర్పరిని నమ్మువా డెవ్వడు?

ఇందొక విశేషము కలదు. గిరిగారు నిర్బంధముగా తీర్పరియొద్దకు పంపు పద్ధతిని మెచ్చినవారు కారు. యజమానియు కార్మికుడును ఎదురెదురుగ కూర్చుండి తామే యొడంబడుట మేలని వారి మతము. ఆ పద్ధతికి గిరిమార్గమని పేరు వచ్చెను. అట్టివారే తీర్పు నిలువవలెనని పట్టుపట్టిరి. ఏలయన పద్ధతి యేదైనను, ఇచ్చిన మాట నిలువనిచో ఏ పద్ధతియు పనికిరాదు. సహచరులు తన మాట నంగీకరింపకపోగా, గిరిగారు మంత్రిపదవికి రాజీనామా నిచ్చి వెలికి వచ్చిరి.

ఆ త్యాగము నిష్ఫలము కాలేదు. ప్రభుత్వము విషయమును పునర్విచారణ చేయుటకు కమిషనును నియమించెను. గజేంద్రగడ్కర్ గారు దానిని పూర్తిచేసి 1955లో నివేదిక నిచ్చిరి. ఆ సంవత్సరమే పార్లమెంటు దాని సిఫారసులను చట్టముగా చేసెను.

తరువాత గిరిగారు ఉత్తరప్రదేశము, కేరళము, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగను, 1967లో ఉపరాష్ట్రపతిగను ఉండిరి. 1969 మే నెలలో జాకీర్ హుస్సేన్ గారు మరణింపగా తాత్కాలిక రాష్ట్రపతి యైరి. జూలై 19వ తేదీని 14 పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము చేసినది వారి చేయియే. ఏ బ్యాంకు గుమాస్తాల కొఱకు 15 ఏండ్ల క్రిందట పదవిని విడిచిరో, వారిలో అనేకులు ఆ సంతకముతో ప్రభుత్వరంగ ఉద్యోగులైరి. ఆ జాతీయకరణమును చేయించిన ఇందిరాగాంధీ గారే 1980లో మన మెదకునుండి లోకసభ కెన్నికైరి. ఆర్డినెన్సుపై సంతకము చేసిన మఱునాడే గిరిగారు తమ పదవిని విడిచి, స్వతంత్రముగా పోటీచేసి రాష్ట్రపతిగా గెలుపొందిరి.

చరిత్రము వ్రాయువారు మెచ్చుకోలే గాక చిక్కులను గూడ చెప్పవలెను. 1974 మే నెలలో 17 లక్షల రైల్వే కార్మికులు బోనసు కొఱకును, జీతముల కొఱకును, 8 గంటల పనికొఱకును సుమారు 20 దినములు సమ్మె చేసిరి. దానికి నాయకత్వము వహించినవారిలో గిరిగారు పెంచిన ఫెడరేషను ముఖ్యమైనది. వేలాదిమంది చెఱసాలల పాలైరి, అనేకులు ఉద్యోగములను గోల్పోయిరి. ఆ సమయమున రాష్ట్రపతి గిరిగారే. రాజ్యాంగానుసారము మంత్రివర్గపు సలహాను పాటింపవలసిన పీఠమది. 1954లో మంత్రి విడువగలిగిన పదవిని 1974లో రాష్ట్రపతి విడువలేదు. దీనిని తప్పనువారును కలరు, విధియనువారును కలరు. పాఠకులే విచారించుకొందురు గాక.

1975లో వారికి భారతరత్న బిరుదము లభించెను. 1980 జూన్‌లో మదరాసున పరమపదించిరి. నోయిడాలోని జాతీయ కార్మిక విద్యాసంస్థ వారి పేరును ధరించియున్నది.

మన యువకులు ఉద్యోగులైనచో గిరిగారివలె సంఘటితులై తమ హక్కును శాంతముగా నడుగుదురు గాక. అధికారులైనచో క్రిందివానికిచ్చిన మాటను తమకు నష్టమైనను నిలుపుకొందురు గాక. అదియే వారికి మనము చేయదగిన నిజమైన స్మారకమని విన్నవించుచు, ఈ చరిత్రమును ఇంతటితో ముగించుచున్నారము.