రెక్క చిరిగితే అతుకేసుకుని ఎగిరింది

పైలట్ అవుతానని మా పెద్దమ్మాయి అన్న రోజు నుంచీ కోరుట్లలో ఉన్న మా అత్తమ్మకు కంటి మీద కునుకు లేదు. జగిత్యాలలో ఇంటర్ చదివే పిల్లకు విమానాలెందుకని ఆమె బాధ. నిజం చెప్పొద్దూ, నాకూ భయమే. శిక్షణ విమానం బాగా తేలిక. దిగేటప్పుడు పక్క నుంచి గాలి కొడితే దండెం మీది చీరలా ఒక రెక్క లేచిపోతుంది. గాలి వైపు రెక్కను కాస్త దించి, తోకలోని చుక్కానితో ముక్కును రన్‌వేకు తిన్నగా ఉంచాలి. తడబడితే ప్రమాదమే. ఆ భయంతోనే అమీ జాన్సన్ జీవితం చదివాను.

అమీ 1903లో ఇంగ్లండులోని హల్ పట్టణంలో చేపల వ్యాపారుల ఇంట పుట్టింది. డిగ్రీ చదివి, లండన్‌లో ఒక లాయరు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ విమానం నడపడం నేర్చుకుంది. 1929లో పైలట్ లైసెన్సుతో ఆగక, ఇంజన్లు బాగుచేసే గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సూ సంపాదించింది. బ్రిటన్‌లో అది పొందిన తొలి మహిళ ఆమే.

1930 మే 5న క్రోయ్‌డన్ నుంచి ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయల్దేరింది. ఆమెది జిప్సీ మాత్, ఫ్లయింగ్ క్లబ్బుల్లో కొత్తవాళ్లు నేర్చుకునే రకం. కర్ర చట్రం, పైన గుడ్డ. పెట్రోలు చాలక మన ఝాన్సీ కవాతు మైదానంలో దిగితే రెక్క దెబ్బతింది. రంగూన్ దగ్గర గుంటలోకి దూసుకెళ్లి ప్రొపెల్లర్ విరిగింది. అక్కడి టెక్నికల్ విద్యాసంస్థ వాళ్లు, యుద్ధంలో మిగిలిన విమానపు గుడ్డతో కుట్టిన చొక్కాలను విప్పి రెక్కకు అతుకులేశారట! సిరిసిల్లలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన నాకు ఆ మాట ఎంత నచ్చిందో!

మే 24న డార్విన్ చేరింది. పదకొండు వేల మైళ్లు! ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన తొలి మహిళ అయింది. అయిదు రోజులకే బ్రిస్బేన్‌లో దిగుతూ విమానం తలకిందులైంది. అయినా ఎగరడం మానలేదు. 1932లో కేప్‌టౌన్ ప్రయాణంలో తన భర్త పేరున ఉన్న రికార్డునే దాటేసింది.

1941 జనవరి 5న, యుద్ధకాలంలో ఒక శిక్షణ విమానాన్ని చేరవేస్తూ థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పడి చనిపోయింది. శవం కూడా దొరకలేదు. అప్పటికామెకు 37 ఏళ్లు. దాదాపు నా వయసే.

ఈ చివరి సంగతి అత్తమ్మ దగ్గర దాచలేదు. అమ్మాయికి మాత్రం ఒక్కటే షరతు పెట్టాను. ఎగరడం కంటే ముందు ఇంజను గురించి నేర్చుకోవాలి. గాలి కుదరనప్పుడు దిగకుండా మళ్లీ పైకి లేవడం కూడా పైలట్లకు నేర్పే పాఠమేనట. ఆ పాఠం వచ్చిన పిల్లను పంపడానికి నాకిప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది.