కుమ్రం భీం: అడవి మీద ఊరి మాట కోసం

ఆశ్వయుజ పౌర్ణమి వచ్చిందంటే కెరమెరి మండలంలోని జోడేఘాట్‌కు వెళ్లే దారులన్నీ జనంతో నిండిపోతాయి. దండారి ఆటలు మొదలయ్యే రోజులవి. గోండు, కొలాం గూడేల నుంచి పెద్దలు, పిల్లలు వచ్చి కుమ్రం భీం విగ్రహం ముందు దండం పెడతారు. తుపాకీ పట్టిన ఆ రూపం మనందరికీ బాగా తెలుసు. అయితే ఆ తుపాకీకి ముందు ఆయన ఏం అడిగారో, ఎన్ని రకాలుగా అడిగారో మన యువతకు తెలిసింది తక్కువ. ఈ సంచికలో మేము ఆ సంగతి చెప్పాలనుకున్నాం.

కుమ్రం భీం 1901లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకేపల్లి గూడెంలో పుట్టారు. తండ్రి చిన్నూ, తల్లి సోంబాయి. ఆయన పెరిగే నాటికే నిజాం సర్కారు అడవికి హద్దులు గీయడం మొదలైంది. అంతకుముందు గోండులకు అడవిలో హద్దు అంటే వాగు, గుట్ట, ఊరి దేవర ఉన్న చోటు. కొన్నేళ్లు ఒకచోట పోడు కొట్టి, నేల అలసిపోతే మరోచోటికి మారి, మళ్లీ పాత చోటికి వచ్చేవాళ్లు. రిజర్వు అడవి అని గీత పడ్డాక ఆ తిరుగుడు ఆగిపోయింది. పాత చేను రిజర్వులోకి పోయింది, కొత్త చేను నేరమైంది. పశువుల మేతకు పుల్లరి, వంటచెరకుకు పన్ను కట్టాల్సి వచ్చింది.

ఆదిలాబాద్ అడవి అంటే టేకు. టేకంటే డబ్బు. నాగలికి, గుడిసె నిట్టాడికి ఒక కర్ర నరికిన గోండు దొంగ అయ్యాడు. అనుమతి కాగితం ఉన్న కాంట్రాక్టరు మాత్రం బండ్లకొద్దీ దుంగలు తోలుకుపోయాడు. ఎవరు ఎంత నరికారో లెక్క చూసేది చౌకీదారు. ఆ చౌకీదారు లెక్క చూడటానికి ఊరికి హక్కు లేదు. మామూలు ఇస్తే ఈ ఏడు దున్నుకోనిచ్చేవాడు, పై ఏడు మళ్లీ చేయి చాచేవాడు. భీం పోరాటానికి మూలం ఇక్కడే ఉంది.

చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న భీం కుటుంబం సుర్దాపూర్ చేరి సేద్యం చేసుకుంది. పంట చేతికొచ్చే వేళ ఆ భూమి తనదంటూ సిద్ధిక్ అనే ఆసామి వచ్చాడు. ఆ గొడవలో సిద్ధిక్ చనిపోయాడు, భీం ఊరు విడిచి వెళ్లిపోయారు. చాందా వెళ్లి అక్కడ అచ్చు పనిచేసే ఒక పెద్దమనిషి దగ్గర కుదురుకుని చదవడం, రాయడం నేర్చుకున్నారని, తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశారని మన పెద్దలు చెబుతారు. బడి మొహం చూడని మనిషి పరదేశంలో అక్షరం నేర్చుకున్నారన్న మాట మా హాస్టల్ పిల్లలకు మేము ఏటా చెబుతాం. తోటి మనుషుల బాధ కాగితం మీద పెట్టడానికి ఆయనకు ఆ అక్షరమే పనికొచ్చింది.

తిరిగి వచ్చాక ఆయన బాబేఝరి చుట్టుపక్కల అడవి కొట్టి బంధువులతో గూడెం కట్టుకున్నారు. అటవీ సిబ్బంది వచ్చి వెళ్లగొట్టారు, ఇళ్లు తగలబెట్టారు. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి, టోకెన్నవాడ వంటి 12 గూడేల వాళ్లది ఇదే గోస. భీం వెంటనే ఆయుధం పట్టలేదు. అధికారులకు మొర పెట్టుకున్నారు. హైదరాబాద్ దాకా వెళ్లినా దర్బారు తలుపు తెరుచుకోలేదని చెప్పుకుంటారు. ఆ తర్వాతే గూడేల వాళ్లు ఒక్కటై గుట్టెక్కారు.

సర్కారు తరఫున రాయబారం వచ్చి పట్టాలు ఇస్తామన్నప్పుడు ఆయన దానితో సరిపెట్టుకోలేదు. 12 గూడేల పాలన ఆ గూడేల చేతిలోనే ఉండాలన్నారు. ఒక్కో మనిషికి ఒక్కో పట్టా ఇస్తే అడవి మీద పెత్తనం మళ్లీ చౌకీదారుదే అవుతుంది. ఊరంతా కలిసి చూసుకుంటేనే అడవీ మిగులుతుంది, మనిషీ మిగులుతాడు. జల్, జంగల్, జమీన్ అనే నినాదం ఆయన పేరుతో ముడిపడింది ఇందుకే.

1940లో ఒక పౌర్ణమి రాత్రి, దారి తెలిసిన మనవాడే ఒకడు వెంట రాగా పోలీసులు జోడేఘాట్ గుట్టను చుట్టుముట్టారు. భీం, ఆయన సహచరులు కాల్పుల్లో నేలకొరిగారు.

ఆ నెత్తురు వృథా కాలేదు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు మానవశాస్త్ర పండితుడు హైమండార్ఫ్‌ను పంపింది. అడవి గీతలు, భూమి పోవడం, కింది సిబ్బంది లంచాలే కారణమని ఆయన నివేదికల్లో రాశారు. తర్వాత వేల కుటుంబాలకు భూమి దక్కింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మా వంటి వాళ్లం ఆ కేంద్రాన్ని తలచుకోకుండా ఉండలేం. 2016లో ఏర్పడిన కొత్త జిల్లాకు కుమ్రం భీం పేరు పెట్టారు.

జిల్లాకు పేరు వచ్చింది, విగ్రహం వచ్చింది. ఆయన అడిగిన ఊరి మాట వచ్చిందా? చట్టంలో చాలావరకు వచ్చింది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్లి, సామూహిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును ఊరికే ఇచ్చింది. అడవిని, వన్యప్రాణులను కాపాడటానికి గ్రామసభ తన సభ్యులతోనే ఒక కమిటీ వేసుకోవచ్చు. బడి, అంగన్‌వాడీ, రోడ్డు వంటి వసతుల కోసం ఈ చట్టం కింద అటవీ భూమి ఇవ్వాలంటే, ఒక్కో పనికి హెక్టారు లోపే ఇవ్వాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. అదీ గ్రామసభ సిఫారసు చేస్తేనే.

అటవీశాఖ వాళ్లతో కలిసి పనిచేయడమంటే వాళ్ల వెనుక సంచి మోయడం కాదు. వాళ్లతో తగువు పెట్టుకోవడమూ కాదు. ఒక బీటు అధికారి చూడాల్సిన అడవి చాలా పెద్దది. ఊరి కళ్లు మాత్రం రాత్రీ పగలూ అక్కడే ఉంటాయి. కూపులో కొట్టాల్సిన చెట్టుకు సుత్తి ముద్ర వేస్తారు. చెట్టు పడ్డాక కూడా కనబడాలని మొదట్లోనూ వేస్తారు. ముద్ర లేని మొద్దు కనబడిందంటే అది లెక్కలో లేని చెట్టు. ముద్ర వేసిన చెట్లెన్ని, మిగిలిన మొద్దులెన్ని, డిపోకు చేరిన దుంగలెన్ని అని మూడు లెక్కలు సరిచూస్తే చాలు, దొంగ ఎవరో తేలిపోతుంది. అప్పుడు రాత్రివేళ లారీలో పోయిన టేకుకు పగటివేళ పోడు రైతు దోషి కాడు. ఆ లెక్క చూడాలంటే ఊళ్లో చదువుకున్న వాళ్లుండాలి. ఆ చదువుకున్న వాళ్లు మీరే.

కానీ చాలా గూడేల్లో గ్రామసభ అంటే రిజిస్టరులో సంతకాలే. ఏ తీర్మానం కింద వేలిముద్ర వేశారో మన అవ్వలకు తెలియదు. అటవీ హక్కుల గ్రామసభకు సభ్యుల్లో సగం మందైనా రావాలి, వచ్చిన వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ నియమం తెలిసిన పిల్ల ఒక్కతి సభలో లేచి నిలబడితే ఖాళీ సభలో తీర్మానం రాయడం కుదరదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు మూడు పనులు చేయండి. గ్రామసభ తీర్మానాల పుస్తకం అడిగి, చదివి, పెద్దలకు మన గోండిలోనో కొలామీలోనో వివరించండి. అడవిని కాపాడే కమిటీ ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే వేయమని అడగండి. ఊరి హద్దులో కూపు పడితే పెద్దలతో, బీటు అధికారితో కలిసి వెళ్లి మొద్దులు లెక్కపెట్టి, ఆ లెక్క సభ ముందు పెట్టండి.

భీం కాలంలో ఊరి మాటకు విలువ ఇచ్చే చట్టం లేదు, అందుకే ఆయన ప్రాణం ఇవ్వాల్సి వచ్చింది. మనకు చట్టం ఉంది. మనం ఇవ్వాల్సింది గ్రామసభ రోజున ఒక పూట. ఆ పూట ఇవ్వకుండా ఏటా జోడేఘాట్‌లో ఎన్ని పూలదండలు వేసినా ఆయన రుణం తీరదు.

జై సేవ! జై కుమ్రం భీం!